ఎడమ డొక్క

సందేళ వాన నాలుగు చినుకులు రాల్చి పోయింది.
వామి మీద టార్పాలు గాలికి ఎప్పుడు తొలిగిందో,
పలుపు తెంపుకొని పోయి
తడిసిన శెనక్కట్టెని బూడిదావు ఎంత మేసిందో
చూసినోళ్ళు లేరు.

రాత్రి పదింటికి
ఎడమ డొక్క ఎన్నుపూసకంటే ఎత్తు లేచింది.
వేలితో తడితే పీర్ల పండగ తప్పెట.
నెమరు లేదు. నాలుక బయటికేసి
కాళ్ళు బారజాపి నిలబడింది.
కడుపు నిండినందుకు చచ్చే జీవాన్ని
ఈ బెళుగుప్ప పక్క పుట్టి
నేను అప్పుడే చూడ్డం.

ఫోన్లో కాంపౌండరు పెన్నోబులేసు:
"ఏడవద్దక్కా, వినుకో.
దాన్ని పండనీయద్దు. ముందు కాళ్ళు మిట్ట మీదికి రావల్ల.
యాప పుల్ల నోట్లో అడ్డం కట్టు,
నమిలేకొద్దీ చొంగ కారల్ల.
నూనె ఉందా?"

ఉంది.
గానుగాడించిన శెనగనూనె, అర లీటరు,
పండక్కి కజ్జికాయలకని ఉట్టి మీద దాచింది.
ఉసేనమ్మ దవడ పట్టుకుంటే
బీరు సీసాతో కొంచెం కొంచెం పోసినా.
"తల పైకెత్తద్దు! ఊపిరితిత్తుల్లోకి పోతాది!
గుటకేసేదాకా ఆగు!"
ఫోను గాటి మీద పడి అరుస్తానే ఉంది.

ఆ కట్టె, ఈ నూనె ఒకే చేన్లోవి.
ఒకే యాడాది అప్పు.
ఆకు ఊపిరి తీస్తాంటే
గింజ పోయి గొంతులో బతిమలాడుతోంది.

పిడికిళ్ళతో, మోచేతులతో డొక్క రుద్దినాం.
ఉసేనమ్మ ఏదో దువా గొణిగింది.
నేను చౌడమ్మని తిట్టినా.

పన్నెండు దాటినాక ఆయప్ప వచ్చినాడు, ఎవుని బండో.
సంచిలోంచి గొట్టం తీసినాడు, మొన ఉండేది,
నేరుగా డొక్కలోకి దింపేది.
తుంటికీ కడపటి పక్కటెముకకీ నడుమ
జేనతో తావు కొలిచి డెటాలు తుడిచినాడు.
నేను మొగం తిప్పుకుంటి.

అప్పుడు తేంచింది.

పులిసిన గంజి, కుళ్ళిన ఆకు, కుంట బురద,
అంతా కలిసిన గాలి మా మొగాన కొట్టింది.
ఉసేనమ్మ ముక్కు మూసుకొని నవ్వింది.
ఇంకోటి.
ఇంకోటి.
తప్పెట సడలి సడలి వట్టి తోలయింది.

గొట్టాన్ని మళ్ళా గుడ్డలో చుట్టి
"రేపంతా జొన్న సొప్పే. ఆ కట్టె ఎండేదాకా దానికి చూపియ్యద్దు" అన్నాడు.
టీ కూడా తాగలేదు.

కోడి కూసే యాళకి దవడ కదిలింది,
పక్కకి, మెల్లగా,
మర్చిపోయిన పేరేదో గుర్తు తెచ్చుకునేదాని మాదిరి.
గాటిపాట్లోనే గోడకానుకొని
దాని డొక్క మీద చెయ్యి పెట్టుకొని కూచున్నా.
లోపల కడుపు తిరుగుతోంది, నిమిషానికొకసారి,
దూరంగా ఎవరో రాగులు ఇసురుతున్నట్టు.

పండక్కి కజ్జికాయలు లేవు.
నూనె ఆవు తాగిందని చెప్పినా.
చుట్టాలు నమ్మలేదు.