పీపా గార

ఆదివారం క్లినిక్కుకు సెలవ.
చర్చి వీధిలో షట్టరు సగమెత్తి
వంగి లోపలికి పోతాను.
పళ్ళ కుర్చీ మీద దుప్పటి కప్పుంటాది.
మేలుకొనుండేది నేనూ,
ముందు గదిలో గాజు తొట్టీ,
దాంట్లో నారింజ రంగు చారల చేపలు రెండూ.

వాటికి సముద్రం కలపాల.

వేదవల్లి డాక్టరమ్మ చెప్పిచ్చింది:
ముందు నీళ్ళు, తర్వాతే ఉప్పు.
ఉప్పు మీద నీళ్ళు పోస్తివా, చెడె.
బోరు నీళ్ళు పనికిరావు, ఫిల్టరు నీళ్ళే పొయ్యాల.
ఎనిమిది బిందెలకి నాలుగు కిలోల చిల్లర,
అడుగున చిన్న మోటారు గిర్రున తిరగతా ఉండాల.
తేటపడినాక ఒక చుక్క తీసి
గొట్టానికి కన్నానిచ్చి వెలుతురుకు పట్టాల.
గీత ముప్పై ఐదు మీద నిలిస్తే సముద్రం.
ముప్పై మీద నిలిస్తే
ఉత్త ఉప్పునీళ్ళు.

నిజం సముద్రాన్ని నేను చూళ్ళేదు.
వేలూరు ఆసుపత్రి దాకా పోయినదాన్ని, అంతే.

పోయిన నెల అట్లనే పోతి.
తమ్ముడు మునిరత్నానికి మూత్రంలో రాయి.
తీసిన రాయిని డాక్టరు చిన్న డబ్బీలో ఏసిస్తే
వాడు ఊపి ఊపి సద్దు ఇంటా కూర్చున్నాడు.
పది దినాలు.
ఈడ మోటారు ఆపే దిక్కు లేదు,
కలిపిన సముద్రం కలిపినట్టే తిరిగింది.

వచ్చి మూత తీస్తే
పీపా లోపలంతా సున్నం కొట్టినట్టుండాది.
గోరుతో గీకితే గరగరమంటాది, రాదు.
మోటారు రెక్కకి తెల్లటి చిప్ప.
చెయ్యి పెడితే
ముసలోళ్ళ దవడ లోపలికి వేలు పెట్టినట్టు.

గార.
నాకు తెలియని గారనా ఇది?
పదకొండేండ్లుగా
డాక్టరమ్మ గీకతా ఉంటే
పక్కన గొట్టం పట్టుకోని ఉమ్ము లాగేదాన్ని.

"నీళ్ళల్లో ఉండాల్సిందే గోడకి పట్టింది ధనభాగ్యం,
చేపలకి దక్కల్సింది.
పారేసి కొత్త పీపా కొందాం లే" అనింది.
నాకు మనసొప్పలేదు.

నీలం పీపా.
గుజ్జు ఫ్యాక్టరీ వేలంలో కొనుకొచ్చింది.
నేనూ ఆడ నాలుగు సీజన్లు చేసినదాన్నే.
తోతాపురి ముక్కలు ఉప్పునీళ్ళలో ముంచి
ఇట్లాంటి పీపాలకే మూతలు బిగిస్తిమి.
జీడికి చేతులు పొక్కేది,
పొక్కిన దాంట్లో ఉప్పు దూరేది,
రమీజా ఆ మంటకి పాట కట్టేది.

వెనిగరు రెండు క్యాన్లు తెచ్చి పోస్తి.
బుస్సుమని నురగ.
ఒకటే చిటపట, వాన తొలిచినుకుల మాదిరి.
పాత పాచిపళ్ళ వాసన కాదు,
ఊరగాయ జాడీ వాసన.
పీపా పక్కన కూలబడి ఇంటా ఉంటి,
ఎవరో లోపల సన్నంగా మాట్లాడతా ఉన్నట్టు.

సంతపేట చెంగల్రాయుడు గుర్తుకొచ్చినాడు.
కుర్చీలో కూర్చోని నోరు గట్టిగా మూసుకోని
"వద్దు తల్లీ, గార తీస్తే పళ్ళు కదల్తాయి,
అదే పట్టుకోనుండాది వాటిని" అనేవాడు.
డాక్టరమ్మ నవ్వింది.
నేను నవ్వలేదు.
ఆయన పళ్ళు అప్పుటికే కదల్తా ఉన్నాయి.

బయట పక్క కారి ఎండిన ఉప్పుని
తడిగుడ్డతో తుడస్తా ఉంటే
నల్ల పెయింటుతో ఒక అంకె బయటపడింది.
ఏడు. నడిమికి అడ్డగీత.
నేనూ అట్లనే రాస్తాను.
రమీజా కూడా అట్లనే రాసేది, నన్ను చూసి.
ఎవరు రాసిందో ఏమో,
గుడ్డ పక్కన పెట్టి
దాన్ని కొంచేపు చూస్తి.

మూడు తూర్లు మంచినీళ్ళతో కడిగితి.
తెల్లనీళ్ళు మోరీలో పడి
చర్చి వీధి మలుపు దాకా పోయినాయి.
పీపా లోపల నీలం మళ్ళీ నీలమైంది.

పైన మాత్రం, చుట్టూరా,
వేలు మందం గార గీకకుండా ఇడిస్తి.
డాక్టరమ్మ చూసి ఏందిదని అడిగితే చెప్పాల:
ఎనిమిది బిందెలు ఆడికొస్తాయమ్మా,
నాకు గుర్తు.