తెడ్డు

ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు.
కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి,
సముద్రం లోపలికి రాకూడదు.
నేను తలలో పూలు పెట్టుకోకూడదు,
ముందురోజు రాత్రి నుంచి ఉల్లిపాయ ముట్టకూడదు.
జలుబు చేస్తే జీతం ఉంటుంది గానీ పని ఉండదు.

గోడ మీది సర్టిఫికెట్‌లో ఇంటిపేరే ముందు:
తెడ్డు పైడితల్లి.
తాత దాంతో తెప్ప తోసేవాడు.
నేను గుండ్రటి చెంచాతో
కప్పు మీద కట్టిన పొడి తెట్టును తోస్తాను,
నాలుగో నిమిషంలో, సరిగ్గా మూడుసార్లు,
ముక్కు తడిసేంత దగ్గరగా వంగి.

కొత్తలో ఫిలోమినా మేడమ్ ఒక చక్రం బొమ్మ ఇచ్చారు.
రంగురంగుల గదులు, గదికో రుచి.
ఏప్రికాట్. బ్లాక్‌కరెంట్. మేపుల్ సిరప్.
ఒక్కటీ నేను తిన్నది కాదు.
చాటుగా అంచున పెన్సిల్‌తో రాసుకున్నాను:
లేత ముంజె పైపొర.
ఉడికిన తేగలో చందమామ.
ఈనె తీయని కొత్త చింతపండు.
అనకాపల్లి బెల్లం, పాకం మాడటానికి అరనిమిషం ముందు.
మేడమ్ చూశారు, ఏమీ అనలేదు.
మర్నాడు పూర్ణా మార్కెట్ నుంచి తేగల కట్ట తెచ్చి
టేబుల్ మీద పెట్టి
"ఏదీ, చూపించు" అన్నారు.

అమ్మకి నా పని ఎంత చెప్పినా ఎక్కలేదు.
"తాగి ఉమ్మేత్తావా? దానికి డబ్బులిచ్చేత్తారేటి?"
కానీ తెల్లారగట్ల హార్బర్‌లో
వంజరం మొప్ప ఎత్తి, ఒక్క పీల్పు పీల్చి,
"నిన్నటిది" అని ఆమె పక్కన పడేయడం
చూస్తూ పెరిగినదాన్నే నేను.

ఆషాఢంలో ఒక శాంపిల్ వచ్చింది.
సంచి మీద పేరుండదు, ఊరుండదు, అంకె.
నలభై ఒకటి.
ఐదు కప్పులు పోశాం.
నాలుగింట్లో ఆ తేగ తీపి, ఏళ్లుగా వెతుకుతున్నది.
ఐదోదాంట్లో, చల్లారాక, నాలుక వెనక
మా ఇల్లు.
వానాకాలం చూరు కింద ఎండునెత్తళ్ల తట్ట.

మిగతా ఇద్దరికీ తగల్లేదు.
"నీకు అలవాటైన వాసన కదా..." అని ఆగిపోయాడు నిశాంత్.
మళ్లీ ఐదు పోశాం. ఈసారి రెండింట్లో.
డెబ్భై ఎనిమిదిన్నర రాశాను.
ఎనభై దాటితే ఒక ధర, దాటకపోతే సంత ధర,
మధ్యలో మెట్టు లేదు.

మూడోరోజు ఆ అంకె మనిషై వచ్చి
మా గుమ్మం ముందు కూచుంది.
కొర్రా బొంజుబాబు, హుకుంపేట అవతల.
చెప్పులు కిందే వదిలేసి ఎక్కాడు.
"పండిందే కోసాం. పచ్చిదొక్కటీ కలవనేదు."
నిజమే, నాలుగు కప్పులు అతని సాక్షులు.
"మరి తప్పెవరిది?"
లారీది కావచ్చు. గోదాముది కావచ్చు.
నా కాగితంలో తప్పుకి గడి ఉంది,
చేసినవాడికి లేదు.

అప్పుడు చేయకూడని పనే చేశానేమో.
లోపలికి రమ్మని, పోసి, చెంచా చేతికిచ్చాను.
గట్టిగా జుర్రు, సిగ్గుపడకు అన్నాను.
జుర్రాడు. బాగుంది అన్నాడు.
ఆగు, చల్లారనీ.
"బాగానే ఉందమ్మా."
ఇంకోసారి.
రెండో కప్పు దగ్గర కనుబొమలు కలిశాయి.
చెంచా కింద పెట్టలేదు.
పక్కది రుచి చూశాడు, వెనక్కి వచ్చాడు, మళ్లీ పక్కది.
నాకు రెండేళ్లు పట్టిన దారి అది.
"చేప" అన్నాడు,
మా అమ్మలాగే, ఏ జాలీ లేకుండా.

ధర మారలేదు.
పైనుంచి చూస్తున్నాను. కిటికీ తెరిచాను, తెరవకూడదు.
మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చి
భుజం మీది తువ్వాలు వాసన చూసుకున్నాడు,
తర్వాత రెండు చేతులు,
తర్వాత, వీధి చివర ఆగి ఉన్న
ఎవరిదో లారీ దగ్గరికి నడిచి
దాని చెక్కకి ముక్కు ఆనించి
అలాగే నిలబడ్డాడు.