నలభై రియాళ్ల సైటు

పద్దెనిమిదేండ్ల కింద సైటు మీదికే వచ్చిన నేను.
ఘాలాల, బర్కాల,
సలాకలు వంచి తీగె చుట్టిన సైట్లు
ఎన్నున్నయో లెక్క లేదు.
కట్టుడు అయినంక ఒక్కదాని గేటు లోపలికీ మల్ల పోలే.

గిప్పుడు రూవీ బస్టాండు ఎనుక సందుల
ఆరడుగుల దుకాణం. సూట్‌కేసుల దవాఖానా.
జిప్పు తెగినవి, చక్రం ఊడినవి, పిడి ఇరిగినవి.
ఊరికి పొయ్యేటోళ్ల పెట్టెలన్ని
నా చేతుల మీదికెళ్లే పోతయి.
ముప్పై కిలోల మీద అరకిలో ఎక్కినా
ఎయిర్‌పోర్టు కన్న ముందు నా కొక్కెం తక్కెడకు తెలుస్తది.

ఇదివరకు మెయిన్ రోడ్డు మీదుండె. బిల్డింగు కూలగొట్టిన్రు.
సందులకొచ్చినంక గిరాకి సగమైంది.
"ఫోన్ల కనబడకుంటే నువ్వు లేనట్టే, అంకుల్"
అన్నడొక పిల్లగాడు, జిప్పు ఏపిచ్చుకుంట.

పదకొండో అంతస్తుల ఒక కంపెనీకి పోయిన.
చల్లటి గది. కాగితం గ్లాసుల కాఫీ.
మూడు వందల యాభై రియాళ్లు అన్నది ఆ పిల్ల, నవ్వుకుంట.
కాఫీ తాగిన. అది ఉత్తగనే.

అజ్మతుల్లాది బోధన్. పగలంత హైపర్‌మార్కెటుల బిల్లులు కొడ్తడు,
రాత్రి బెడ్‌స్పేసుల, కింది మంచం మీద, పర్దా గుంజుకొని
సైట్లు కడ్తడు.
"నలభై. మూడు కిస్తీలు. జీతాలు పడ్డ తెల్లారి."
"సిమెంటు ఎవలు తెస్తరు?" అన్న.
ఇద్దరం నవ్వినం.

మొదట చూపిచ్చిననాడు
దాంట్ల ఎవలో తెల్లోళ్లు ఎయిర్‌పోర్టుల ఉరుకుతున్నరు.
వాళ్ల పెట్టెలకు దుమ్ము లేదు, తాడు లేదు,
పేరూ ఊరూ రాసిన మార్కర్ గీత లేదు.
"గిసుంటి పెట్టె నా దుకాణానికి ఎన్నడు రాలే, బిడ్డా."
తెల్లారి వచ్చి నా చేతుల ఫోటో తీసుకపోయిండు.
గోర్ల కింద గ్రీజు కడుక్కొస్త అంటే వద్దన్నడు.

ఫోటో కింద ఏవో అక్షరాలు, బారెడు.
ఇంగ్లీషు కాదు, అరబ్బీ కాదు.
"ఏం భాష ఇది?"
"ఏ భాష కాదు అంకుల్. మీ ముచ్చట రాసేదాక జాగ ఆపేటందుకు."
మెట్‌పల్లి బస్సుల కిటికీలకెళ్లి దస్తీ ఏసినట్టు.
సమజైంది.

నా ముచ్చట ఏమున్నది.
జిప్పు రియాలున్నర. చక్రం ఎనిమిది వందల బైసలు.
తాడు కట్టుడు ఉత్తగనే.
ఫ్లైటున్నోళ్లకు శుక్రారం సుత తెరిచి ఉంటది.

సైటు పేరుకు ఏడాదికి అయిదు రియాళ్లంట.
కట్టకుంటే ఇంకెవలన్న తీస్కుంటరంట.
"పేరుకు సుత బతాకానా?"
"అంతే. రెన్యూవల్."
ఫారం నింపుకుంట అడిగిండు: ఓనరు ఎవలు?

దుకాణం లైసెన్సు అర్బాబుది.
కరెంటు మీటరు అర్బాబుది.
బోర్డు మీదున్నది ఆయన తండ్రి పేరు.
చానాసేపు నోటికి రాలే.
"గంగారపు లింబాద్రి" అన్న.
స్పెల్లింగు అడిగితే
పాస్‌పోర్టు జిరాక్సు తీసి చూపిచ్చిన.

మొదటి వారం పద్నాలుగు సార్లు తెరిచిన్రట.
పదకొండు సార్లు నేనే. ఒకసారి అజ్మతు.
ఇంకొకలు ఎవలో తెల్వది.
పద్నాలుగో ఆయన నడుచుకుంట సందులకొచ్చిండు,
తెల్ల దిష్‌దాషా, ముసలి ఒమానీ.
ఫోన్ల ఉన్న చేతుల దిక్కు ఒకసారి,
నా చేతుల దిక్కు ఒకసారి చూసి
ఊద్ పెట్టె ముంగట పెట్టిండు. కొక్కెం ఇరిగింది.
మూత తియ్యంగనే పాత కట్టె వాసన.
పైసలు ఎక్కువిస్తే తిరిగిచ్చిన,
రేటు రాసే ఉన్నది గదా అని.

ఆఖరి కిస్తీ ఇచ్చిన రాత్రి
పేజీ అట్టడుగున కనబడ్డది
ఎవలదీ కాని భాషల ఒక లైను.
"మర్చిపోయిన అంకుల్, తీసేస్త."
ఉండనియ్యి అన్న.
రేపేదన్న యాదికొస్తే
జాగ కావాలె గదా.