రెండు రీడింగుల మధ్య

నా ఫోన్‌లో ఫొటోలు ఈ వరసలో ఉంటాయి:
కరెంటు మీటరు, కరెంటు మీటరు, ఉత్తరేణి,
కరెంటు మీటరు, కుప్పింటాకు,
వేలు అడ్డొచ్చిన ఇంకో కుప్పింటాకు,
రెల్లివీధిలో తాళం వేసిన తలుపు.

నెలకి పదమూడు వందల గుమ్మాలు ఎక్కిదిగే ఉద్యోగం.
మీటర్లు మెట్ల కింద ఉంటాయి,
తడీ మెట్ల కిందే ఉంటుంది,
తడి ఉన్నచోట ఎవరో ఒకరు మొలుస్తారు.
ఎలాగూ వంగాను కదా అని
వాళ్ళకీ ఓ ఫొటో తీయడం మొదలెట్టాను.

మొదటిరోజు ఆ యాప్ నా చూపుడువేలిని చూసి
"మనిషి" అంది.
ఈ డ్యూటీలో ఆ మాట
రోజూ వినబడేది కాదు.

తర్వాత్తర్వాత నేర్పింది:
పువ్వొకటీ చాలదు, ఆకు వెనక్కి తిప్పు,
కణుపు దగ్గర చూడు,
పక్కన రూపాయి బిళ్ళ పెట్టు, కొలత తెలియాలి.
బీచి గాలికి మొక్క ఊగుతుంటే
ఊపిరి నేను బిగబట్టేవాణ్ణి.

ఒకసారి పొరపాటున
బిల్లింగు సెక్షనుకి నేలఉసిరి వెళ్ళిపోయింది.
యూనిట్లెన్ని అని ఏఈ గారి ఫోను.
ఆకుల కింద కాయలు లెక్కపెట్టి
ముప్పై నాలుగండీ అన్నాను.

జ్ఞానాపురం గోడల మీద బొగ్గుపొడి.
గడ్డిచామంతి ఆకు తుడిచి తీస్తే ఒక పేరు చెప్పింది,
తుడవకుండా తీస్తే వేరే పేరు.
రెండూ పంపాను,
హార్బరు గాలి కూడా లెక్కలో ఉండనీ అని.

పంపే ముందు ప్రతిసారీ అడుగుతుంది:
ఎవరైనా నాటారా, తనే వచ్చిందా?
పెదజాలారిపేటలో ఆ ప్రశ్న పైకి చదివాను.
మీటరు పెట్టె కింద ఎండుచేపలు తిరగేస్తున్న మసేనమ్మ
నవ్వింది:
"మమ్మల్ని మాత్రం ఎవులు నాటినారు బాబూ?
తనే వొచ్చిందని రాసీ."

ఆవిడకి యూనిట్ల లెక్క తెలీదు,
బిల్లు పెరిగితే నన్ను తిట్టడం తెలుసు,
ఇసకలో పాకేవన్నీ తెలుసు.
ఇది చెవులపిల్లి తీగ, వాపులకి వేడిచేసి కడతాం.
అదిగో, ఆ బంతిలా దొర్లుకుపోయేది రావణుడి మీసం,
గాలి తగిలిందంటే మన బస్సుకన్నా ముందు భీమిలి పోద్ది.
యాప్‌లో ఆ మాటలకి గడి లేదు.
"వివరాలు" అన్నచోట ఇరికించాను.

అర్ధరాత్రి కటక్ నుంచి ఎవరో,
ముఖం బదులు పిచ్చుక బొమ్మ,
నా పల్లేరుకి లాటిన్‌లో అవునన్నారు.
ఇరవై రెండేళ్ళ నౌకరీలో
నేను చూసింది చూసినట్టేనని
ఇంకొకరు సంతకం పెట్టడం అదే మొదలు.

ఒక్కటి మాత్రం తేలలేదు.
మసేనమ్మ ఇంటి వెనక, గోడకీ రాళ్ళకీ మధ్య
జానెడు మొక్క. నూగు ఆకులు.
గోరంత పువ్వు, ఊదా అనబోతే నీలం.
యాప్ ఏడు పేర్లు చెప్పి ఏ పేరు మీదా నిలబడలేదు.
కాయ దొరికితే పంపండి, అంది పిచ్చుక.
కాయ వచ్చేలోగా కాలవ పని వచ్చింది.
మరుసటి నెల రీడింగుకి వెళ్తే
పచ్చి సిమెంటు, దాని మీద కుక్క అడుగులు.

"దాని పేరా? మాయమ్మకి ఎరిక"
అంది మసేనమ్మ, ఇంకో చేప తిరగేసి.
మాయమ్మ ఏ తుపానుకి పోయిందో కూడా చెప్పింది.

ఉన్నదున్నట్టు రాశాను.
తేదీ, సమయం,
నాలుగు మీటర్ల తేడాలో ఆ చోటు.
స్థానిక నామం: మసేనమ్మ గారి తల్లికి తెలుసు.

నిన్న రాత్రి పిచ్చుక అడిగింది:
ఆవిడని కనుక్కుని చెప్పగలరా?

చాలాసేపు ఖాళీ గడి వంక చూశాను.
పిలిస్తే ఎవరూ పలకని ఇంటికి
మేం రాసే మాట ఒకటుంది.
చేతి అలవాటుకొద్దీ
"తలుపు తాళం" అని కొట్టి
చెరిపేశాను.