మూడో ఆకు

కాటాలో పెట్టకముందే చెప్పగలను:
ఏడు పౌన్లు, పైన ఒక చిటికెడు.
ఆ చిటికెడు సంగతి తర్వాత.

కెల్సీ బ్రాండ్‌వోల్డ్ దాన్ని చంటిపిల్లలా
పాత దుప్పట్లో చుట్టి ఫ్రెస్నో నుంచి తెచ్చింది.
ముందు చక్రం. పన్నెండు ఆకులు.
బ్రేకు లేదు, బ్రేకు పట్టే చోటూ లేదు.
ఆగడం గురించి ఆలోచించిన చక్రం కాదిది.

అంతకు ముందు ఇనుము ఉండేది, చెప్పాను ఆ పిల్లకి.
జల్లెడలా తూట్లు పొడిచేవాళ్ళం.
షెడ్డు నేలంతా బొత్తాలు రాలినట్టుండేది.
తర్వాత ఎవడో మోటార్‌సైకిలు చక్రాలు తగిలించుకొచ్చాడు,
ఏనుగుకి గజ్జెలు కట్టినట్టు.
పడీ పడీ నవ్వాం.
ఆ ఆదివారం వాడే గెలిచాడు.
సోమవారానికి మా వీధిలో
సగం మోటార్‌సైకిళ్ళు ఒంటి చక్రం మీద ఉన్నాయి.

తిరిగే బరువు ఒకటికి రెండు:
మొయ్యాలి, తిప్పాలి కూడా.
ఈ మాట ఎమెటేరియో బాకా రొట్టె నములుతూ అనేవాడు.
బడి మొహం చూసినవాడు కాదు.
యుద్ధం నుంచి మిగిలిన బాంబర్ల తుక్కు కొని
మెగ్నీషియం కరిగించేవాడు, బర్బ్యాంక్‌లో, రైలు పట్టాల వెనక.
నేను అతని దగ్గర ఇసుక జల్లించే కుర్రాణ్ణి.

మెగ్నీషియం అంటుకుంటే నీళ్ళు పోయకూడదు.
నీళ్ళు కూడా తాగి మండుతుంది.
కరిగిన దాని మొహం మీద గంధకం చల్లుతూ
పాలు పొంగకుండా కాపలా కాసినట్టు కూర్చునేవాడు.
వాళ్ళావిడ అసెన్సియా
అతని చొక్కాలు వేరే తాడు మీద ఆరేసేది,
అగ్గిపుల్లల వాసన ఇల్లంతా పాకకుండా.

అరవై మూడు, సెప్టెంబరు.
బేకర్స్‌ఫీల్డ్ అవతల, పత్తిచేల మధ్య పాత రన్‌వే.
పావు మైలు.
డ్వెయిన్ స్కాగ్స్ కారు ఇంజను గర్జిస్తే
బల్ల మీది బీరు గ్లాసులు
వాటంతటవే అంచుదాకా నడిచాయి.
ఏడో సెకనులో
కుడి చక్రానికి మూడో ఆకు
ఎండుటాకులాగే తెగింది.
చప్పుడు మాకు వినపడలేదు.
కారు చేలో దూరి
అవతలి వైపు తెల్లగా, పత్తి కప్పుకుని తేలింది.

కాలు రెండుచోట్ల విరిగింది.
ఆసుపత్రిలో ఎమెటేరియో టోపీ నలుపుకుంటూ
క్షమించమనడానికి ఇంగ్లీషు వెతుక్కుంటున్నాడు.
డ్వెయిన్ మత్తులోంచి కళ్ళు తెరిచి అడిగింది ఒకటే:
"ఇంకో పావు పౌను తగ్గుతుందా?"

ఎమెటేరియో ఏం మాట్లాడలేదు.
దారి పొడుగునా ట్రక్కులో ఏం మాట్లాడలేదు.
రాత్రి చెక్క అచ్చులన్నీ గొడ్డలితో చీల్చి పొయ్యిలో వేశాడు.
వారం తిరక్కుండా కొత్తవి చెక్కాడు,
ప్రతి ఆకు మొదట్లో
వేలితో తడిమితే తప్ప తెలియని చిన్న బలుపు పెట్టి.
ఎవరు బరువు అడిగినా పాత లెక్కే చెప్పేవాడు:
"ఏడు పౌన్లు. రవ్వ ఎక్కువుండదు."
జీవితంలో ఆయనాడిన అబద్ధం నాకు తెలిసి అదొక్కటే.
అది ఎన్ని కార్లకి తగిలించి పంపాడో
లెక్క రాసుకోలేదు.

కెల్సీ తెచ్చినదానికి ఎర్ర రంగు పూశాను, తుడిచాను,
తెల్ల పొడి కొట్టాను.
పగులుంటే నెత్తురులా పైకి ఉబుకుతుంది.
పది నిమిషాలు. ఇద్దరం మాట్లాడుకోలేదు.
అంచు దగ్గర అరవై ఏళ్ళ తేమ తిన్న గుంటలు,
ఉప్పు పూసినట్టు.
మూడో ఆకు మొదట్లో తెలుపు తెలుపుగానే ఉంది.

కెల్సీ ఊపిరి వదిలింది.
చక్రాన్ని కాటా మీదికెక్కించి, ముల్లు చూసి,
మొహం చిట్లించింది.
"చెప్పేదానికన్నా ఎక్కువుందే!
ఇదిగో, ఇక్కడ ఆకుల మొదట్లో అనవసరంగా లావు.
ఆకురాయి ఉందా మీ దగ్గర?"

ఉంది.
నా కుర్చీ వెనక, మేకుకి వేలాడుతూనే ఉంది.
లేదన్నాను.