కప్పకాళ్ళు

బరంపురం నుంచి వచ్చే రోడ్డు సముద్రం చూసి ఆగిపోయే చోట
నా పంక్చర్ కొట్టు.
బోర్డు ఒకవైపు ఒడియా, రెండోవైపు తెలుగు;
ఉప్పుగాలి రెండింటినీ సమానంగానే తినేసింది.
నాకు ఈత రాదు.
ముందే చెబుతున్నాను, తర్వాత వెక్కిరించకండి.

కారి దండాసికి నేల మీదే నడక సరిగ్గా రాదు.
గోపాలపూర్ పాత జెట్టీ స్తంభాలకు చిక్కిన వలలు విప్పేవాడు,
మరపడవ పంకాకు చుట్టుకున్న తాళ్ళు కోసేవాడు.
ఒకరోజు రెండు మామిడి పలకలు తెచ్చి
"సైకిల్ ట్యూబుతో పట్టీలు ఏసియ్యి బావా" అన్నాడు.
వేశాను.
పలక వంగదు కదా,
కాలు నీటిని తంతే నీరు చీలమండను తన్నింది.
వారం రోజులు కుంటాడు.
వాళ్ళావిడ సోములమ్మ తిట్టిన తిట్లు
కొట్టు రేకుకి ఇంకా తుప్పులా పట్టుకునే ఉన్నాయి.

తర్వాత లారీ టైరు.
వంగింది. మరీ వంగింది.
"తడిగుడ్డతో సముద్రాన్ని తుడిసినట్టుంది" అన్నాడు.
పాదం దగ్గర దళసరి, కొసకు పోనుపోను పలచన
అలా చెక్కాలని ఎవరూ చెప్పలేదు.
రుషికుల్య మొగ దగ్గర చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన
తాబేలు రెక్కను తడిమితే
చేతికి తెలిసింది.

పోర్టు పనికి బయటి డైవర్లు దిగాక
కొట్టు ముందు రకరకాల కప్పకాళ్ళు.
ఒక జత నల్లగా, పొట్టిగా, ఇటుకంత బరువు.
వేళ్ళు ఆగేచోట కిటికీల్లా కంతలు,
అక్కడ ఊరికే మొండికేసే నీటికి దారి ఇవ్వడానికట.
ఒక జత మనిషి కాలంత పొడవు,
ఊపిరి బిగబట్టి దిగేవాళ్ళది.
ఇంకో జత కొస నుంచి నిలువునా రెండుగా చీలి ఉంది.
చిరిగిందనుకుని శుభ్రంగా అతికించేశాను.
ఆ డైవరు నవ్వాడో ఏడ్చాడో
ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆ రాత్రి నిద్రపట్టక తొట్టి ముందు కూర్చున్నాను.
ట్యూబులో కన్నం ఎక్కడుందో
బుడగ లేచి చెప్పే తొట్టి.
సుద్దపొడి చల్లి, రబ్బరు ముక్కను మెల్లగా ఆడించాను.
కొస దాటగానే నీరు ముడుచుకుని సుడి అయింది.
అటు ఊపితే ఒకటి, ఇటు ఊపితే ఇంకొకటి,
ఒకదానికొకటి ఎదురు తిరుగుతూ వెనక్కి నడిచిపోయాయి.
వాటి మధ్య నుంచి సన్నగా, తెల్లగా
ఒక ధార.
ముక్కకు రెండు పక్కలా గట్టు అతికించి చూశాను,
పక్కలకు జారిపోయే నీరు తగ్గింది.
ఓహో, ముందుకు పోవడమంటే
కొంత నీటిని వెనక్కి సాగనంపడమా!
కొంచెం నీటిని కసిగా తంతే ఆయాసం,
చాలా నీటిని నిదానంగా తోస్తే దూరం.
దండాసికి చెబితే
"ఇదేటి బావా, సేపని అడిగితే సెప్పును కదా" అన్నాడు.

పోయిన కార్తీకంలో నన్ను ఒడ్డుకు లాక్కెళ్ళి
పాదాలకు ఆ టైరువే తొడిగాడు.
రెండడుగులు వేసి బోర్లా పడ్డాను.
వీటితో సముద్రంలోకి వెనక్కి నడవాలట.
నడిచాను, మొహం ఊరివైపు,
లైట్‌హౌస్ వైపు, సరుగుడు తోట వైపు.
నడుం మీద కెరటం తగిలింది,
కాళ్ళ కింద రబ్బరు తనంతట తానే ఒకసారి వంగి లేచింది.
దండాసి నా మణికట్టు వదల్లేదు.
అప్పుడు గుర్తొచ్చింది,
కొట్టు తలుపు వెయ్యలేదని.