నలభయ్యేడో పొట్లం

పాటు మీద పడవ దించాడు లోవరాజు.
కోరింగ కాలవలో నీళ్ళు జారిపోయి
మడవేళ్ళు బురదలోంచి లేచి ఊపిరి తీసుకుంటున్నాయి,
తలకిందులుగా దిగ్గొట్టిన మేకుల్లా.

ఒక్కో చెట్టు దగ్గరా ఒక్కో ఆకు అడుగుతాను.
వేలిగోరంత చాలు.
కొత్త చెప్పుల డబ్బాలో దొరుకుతాయే, ఆ గుళికలు
పొట్లంలో వేసి మూతి బిగిస్తే
ఆకులోని ఉప్పుగాలి కూడా ఎండిపోతుంది.
లోవరాజు నవ్వుతాడు:
"చింతచిగురైతే కూరకైనా పనికొచ్చేదండి."

అతనికి పేర్లు చేతుల్లో ఉంటాయి.
ఆకు నాలిక్కి తగిలించి "తెల్లమడ" అంటాడు.
కొమ్మ విరిచి, పాలు కారితే మొహం తిప్పేసుకుని
"తిల్ల. కళ్ళు జాగ్రత్తండి."
పీతలు ఏ వేరు కింద కాపురముంటాయో
ఆ వేరుకి ఇంటిపేరు కూడా చెబుతాడు.

కాకినాడలో, మూడో అంతస్తులో,
ఆకు నూరితే నాకు మిగిలేది చుక్క నీళ్ళు.
అందులో ఏ, టీ, జీ, సీ.
ఒత్తుల్లేవు, గుణింతం లేదు.
ఆరువందల అక్షరాల ఒకే వాక్యం
సబ్బు కాగితం మీది గీతల్లా తెర మీద నిలబడుతుంది.
యాభై ఆరు అక్షరాలు ఏడాదిలో దిద్దినదాన్ని,
ఈ నాలుగింటికీ మూడేళ్ళు పట్టింది.

పన్నెండో పొట్లం, పదమూడో పొట్లం
గీతకు గీత సరిపోయాయి.
ఒకే జాతి అని రాసుకుని ఫోన్ చేశాను.
"ఆయ్, కాదండి. ఒకటి పొయ్యిలో పెడితే మండుద్ది,
ఒకటి ఇల్లంతా పొగ. మా ఆవిణ్ణి అడగండి."
ఆ గడి కొట్టేసి
"ఈ ముక్క చాలదు, ఇంకో జన్యువు చదవాలి" అని రాశాను.
చెప్పింది నూకరత్నం అని
ఏ గడిలో రాయాలో తెలియలేదు.

నలభయ్యేడు వేరే కథ.
భైరవపాలెం మలుపులో, గట్టు కోసుకుపోయిన చోట
నడుమెత్తు మొక్క. ఆకు వెనక తుప్పురంగు నూగు.
లోకంలో చదివిన ఆకులన్నిటితో పోల్చి చూసి
యంత్రం చేతులెత్తేసింది.
అప్పుడు గుర్తొచ్చింది:
ఆ రోజు అతనూ ఆకు నలిపి, వాసన చూసి
చాలాసేపు తెడ్డు వెయ్యలేదు.
"మా నాన్న దీన్ని చూపించి ఊరుకునేవాడండి.
పేరడిగితే పడవ తిప్పేసేవాడు."

మొన్న వరదకి ఆ గట్టు ఇంకో రెండు బారలు జారిందట.
అమావాస్య పాటుకి మళ్ళీ వెళ్తున్నాం.
పొట్లం మీద పెన్సిల్‌తో ఊరు రాశాను, తేదీ రాశాను.
పేరు దగ్గర
లోవరాజు బొటనవేలి బురద అంటుకుని ఉంది.
తుడవలేదు.